ఆదివారం ఎవరిది? రేడియో ఎవరిది?

(సంఘ కార్యాలయంలో ఆదివారపు అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను రేడియో గురించి మాట్లాడమన్నారు. బోనసు, పి.ఎఫ్., బదిలీ కార్మికుల పర్మనెంటు సమస్య ఇన్ని ఉండగా మిల్లు కార్మికుల సభలో రేడియో ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఆ సమస్యలకు గేటు మీటింగులున్నాయి. అవి ఎలాగూ మాట్లాడుకుంటాం. ఈ రోజు ఆదివారం. ఈ ఆదివారం మనకు ఎలా వచ్చింది, వచ్చిన ఆదివారాన్ని మన పెద్దవాళ్లు దేనితో నింపుకున్నారు, అందులో రేడియో చేసిన పని ఏమిటి, ఇప్పుడు ఆ రోజు మన చేతుల్లోంచి ఎలా జారిపోతున్నది? నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ఆదివారం ఊరికే రాలేదు

ఆదివారం సెలవు పంచాంగంలో రాసిపెట్టి ఉన్నది కాదు. మన దేశంలో మిల్లులు మొదలైన రోజుల్లో కార్మికునికి పొద్దు పొడవక ముందే పని మొదలయ్యేది, పొద్దు కుంకినాక ఆగేది. వారానికి ఒక రోజు విశ్రాంతి అనే మాట లేదు. బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే అనే ఆయన 1884లో మిల్లు కార్మికులను సమీకరించి ఒక సంఘం పెట్టాడు. ఆయన జ్యోతిబా ఫూలే అనుచరుడు, ‘దీనబంధు’ పత్రిక నడిపినవాడు. వారానికి ఒక రోజు సెలవు కావాలని ఏళ్ల తరబడి అర్జీలు పెట్టాడు. 1890 ఏప్రిల్‌లో బొంబాయిలో జరిగిన సభకు సుమారు 10,000 మంది కార్మికులు వచ్చారు. ఆ సభలో ఇద్దరు కార్మిక స్త్రీలు కూడా మాట్లాడారు. అదే ఏడాది జూన్ 10న బొంబాయి మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది, 1891 ఫ్యాక్టరీల చట్టంలో వారానికి ఒక రోజు సెలవు అనే మాట చేరింది.

కాబట్టి ఆదివారం పొద్దున్న మనం కొంచెం ఆలస్యంగా లేచి, తీరిగ్గా టీ తాగుతున్నామంటే, ఆ టీ గ్లాసు వెనుక ఆ 10,000 మంది ఉన్నారు. ఈ మాట మన పిల్లలకు చెప్పాలి.

ప్రవచనం వినడానికి వచ్చి సంఘం కట్టారు

ఇక మన చెన్నపట్నానికి వద్దాం. పెరంబూరులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లులు. మనవాళ్లు బి అండ్ సి మిల్లు అనేవారు, బిన్నీ మిల్లు అనేవారు. మొదటిది 1870లలో, రెండవది 1880లలో వచ్చాయి. 1920లో రెండూ ఒకటయ్యాయి. తమిళులతోపాటు తెలుగువాళ్లూ తరాల తరబడి అందులో పనిచేశారు. 1996లో ఆ మిల్లు మూతపడింది.

ఆ మిల్లు కార్మికుల మద్రాస్ లేబర్ యూనియన్ 1918 ఏప్రిల్ 27న పుట్టింది. మన దేశంలో సక్రమంగా ఏర్పడ్డ తొలి కార్మిక సంఘంగా దానిని చరిత్రకారులు చెబుతారు. అది ఎక్కడ పుట్టిందో చూడండి. పెరంబూరులో శ్రీ వేంకటేశ గుణామృత వర్షిణీ సభ అని ఒక భక్త సమాజం ఉండేది. బట్టల వ్యాపారి సెల్వపతి చెట్టి, ఆయన మిత్రుడు రామానుజులు నాయుడు దానిని నడిపేవారు. హరికథలకు, ప్రవచనాలకు మిల్లు కార్మికులు వచ్చేవారు. ప్రవచనం వినడానికి వచ్చినవారు తమ కష్టం చెప్పుకున్నారు. భోజన విరామం అరగంట మాత్రమే. ఆ అరగంటలో చేయి కడుక్కోవాలి, తినాలి, మళ్లీ గేటు లోపలికి పరుగెత్తాలి. ఈ కష్టం విన్న ఆ ఇద్దరూ అనీబిసెంటు సహచరుడైన బి.పి. వాడియా దగ్గరకు వెళ్లారు. వాడియా వచ్చి మాట్లాడాడు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడితే కార్మికులకు అర్థమయ్యేలా మరొకరు చెప్పేవారు. సంఘం ఏర్పడింది. భోజన విరామం 30 నిమిషాల నుంచి 40 నిమిషాలు అయింది.

పది నిమిషాలే కదా అనకండి. ఆ పది నిమిషాలు మొదట సాధించారు కాబట్టే తర్వాత మిగిలినవి అడగగలిగారు.

ఇందులో నాకు కనిపించే నీతి ఒకటుంది. మనుషులు ఒకచోట కూర్చుని ఒకే మాట వింటే, విన్న తరువాత ఊరుకోరు. మాట్లాడుకుంటారు. ప్రవచనం దేవుడి గురించే కావచ్చు, కానీ అది ముగిశాక మాట బతుకు మీదికి వస్తుంది. వినడం దగ్గర మొదలైంది చివరకు సంఘం దాకా వచ్చింది. రేడియో కథ కూడా ఇదే దారిలో నడిచింది.

బీచిలో లౌడుస్పీకరు

రేడియో మన దేశంలో ప్రభుత్వంతో మొదలు కాలేదు. 1924లో ఇదే నగరంలో సి.వి. కృష్ణస్వామి చెట్టి మరికొందరితో కలిసి మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టాడు. ఆ ఏడాది జులై 31న ప్రసారాలు మొదలయ్యాయి. చేతిలో డబ్బు లేక 1927లో క్లబ్బు మూతపడింది. వాళ్లు తమ ట్రాన్స్‌మీటరును నగర కార్పొరేషన్‌కు ఇచ్చేశారు. కార్పొరేషన్ 1930 ఏప్రిల్ 1 నుంచి తానే రేడియో నడిపింది. రోడ్లు ఊడ్పించే, కుళాయి నీళ్లు ఇచ్చే కార్పొరేషనే పాట కూడా వినిపించింది.

అప్పట్లో రేడియో పెట్టె కొనడం కార్మికుని వల్ల అయ్యే పని కాదు. పెట్టె ధర అటుంచి, ఇంట్లో రేడియో ఉంచుకోవడానికే ఏడాదికి పది రూపాయల లైసెన్సు. అందుకని కార్పొరేషన్ మెరీనా బీచిలోను, పార్కుల్లోను లౌడుస్పీకర్లు పెట్టించింది. సాయంత్రం గాలి కోసం వచ్చినవారు ఇసుకలో కూర్చుని వినేవారు. గుమాస్తా, బండి తోలేవాడు, మిల్లు కూలీ, చేపలమ్మే అమ్మ అందరూ ఒకే చోట ఒకే పాట విన్నారు. గుడిలోకి రానివ్వని మనిషికి కూడా అక్కడ ఆ త్యాగరాజ కీర్తన వినబడింది. గాలిలో వచ్చే మాటకు ద్వారపాలకుడు లేడు.

మద్రాసు కేంద్రంలో మన తెలుగు

1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ఎగ్మూరులో మొదలైంది. ఆనాడు కోస్తా ఆంధ్ర, రాయలసీమ అన్నీ మద్రాసు రాష్ట్రంలోనివే. అందుచేత తమిళంతోపాటు తెలుగుకూ అక్కడ చోటు దొరికింది. నిజాం రాజ్యంలో అప్పటికే హైదరాబాదులో ఒక రేడియో ఉండేది, అది వేరే సంగతి. ఆంధ్రదేశపు తెలుగు రేడియోకు మాత్రం మన ఎగ్మూరే పుట్టిల్లు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న గాని రాలేదు.

మద్రాసు కేంద్రం తొలి ప్రసారాల్లోనే తెలుగులో ప్రసంగించిన పెద్దమనిషి ఎవరో తెలుసా? గిడుగు రామమూర్తి పంతులు గారు. విషయం ‘సజీవమైన తెలుగు’. జీవితమంతా ఆయన పోరాడింది ఒకే మాట కోసం: జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలి, బడిలో చెప్పాలి అని. పండితులు అది మర్యాద కాదన్నారు. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు దగ్గరపడ్డాయి. 1940 జనవరిలో ఆయన పోయారు. గ్రాంథికంలో రాస్తే చదువుకున్నవాడు పుస్తకం మళ్లీ తిరగేసి అర్థం చేసుకుంటాడు. రేడియోలో అలా కుదరదు. చెప్పిన మాట చెవిన పడ్డప్పుడే అర్థం కావాలి, లేకపోతే గాలికి పోయినట్టే. పంతులుగారు వాదించి గెలవవలసిన సగం వాదాన్ని రేడియో పెట్టె ఊరికే గెలిచిపెట్టింది. సంతకం పెట్టడం రాని మా పెద్దవాళ్లకు దేశం సంగతులు తెలిశాయంటే ఆ వాడుక భాష వల్లనే.

అదే 1938లో ముద్దుకృష్ణ రాసిన ‘అనార్కలి’ నాటకం మద్రాసు నుంచి ప్రసారమైంది. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు అందులో పాత్ర ధరించారు. ఆచంట జానకిరామ్, అయ్యగారి వీరభద్రరావు వంటివారు ఆ తొలి రోజుల్లో కార్యక్రమాలు నడిపారు. 1941లో బాలాంత్రపు రజనీకాంతరావు గారు వచ్చి చేరారు. పిల్లలకు రేడియో అన్నయ్య, అక్కయ్యలైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మొదట మద్రాసులోనే పిల్లల్ని మైకు ముందు నిలబెట్టారు. 1945లో ‘బాల’ పత్రిక కూడా ఇక్కడి నుంచే పెట్టారు. 1956లో హైదరాబాదు వెళ్లారు. ఈ పేర్లు చెప్పుకోవడం గొప్పకు కాదు. తెలుగు రేడియో అంటే విజయవాడ, హైదరాబాదు అనుకునే మన పిల్లలకు, అది నడక నేర్చింది తాముంటున్న ఊళ్లోనే అని తెలియాలి.

ఆదివారపు మూడు వరుసలు

మన ఇళ్లలోకి రేడియో నిజంగా వచ్చింది ట్రాన్సిస్టరు వచ్చాకనే. అరవైలు, డెబ్బైలనాటి మాట. ఒక లైనులో ఒకటో రెండో ఉండేవి. బ్యాటరీలు దిగిపోతే ఎండలో పెట్టి మళ్లీ వేసేవారు. మగ్గాల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లకు చెవి మందగిస్తుంది. ఆ హోరులో పెదవులు చూసి మాట పట్టుకోవడం వాళ్లకు అలవాటు. రేడియోకు పెదవులు లేవు. అందుకని గొంతు పెంచి పెట్టేవారు. దానివల్ల లైనంతా వినేది. ఒకరి చెవుడు పదిమందికి వినికిడి అయింది.

ఆదివారం ఆ పెట్టెలోంచి మూడు వరుసలు వచ్చేవి. ఒకటి భక్తి, రెండు ప్రసంగం, మూడు నాటకం.

పొద్దున్నే సుప్రభాతం. ఆ వెనుకనే క్రైస్తవ గీతాలు. ముల్లు కొంచెం తిప్పితే షార్ట్‌వేవ్ మీద ఇంకా ఎన్నో గొంతులు. సీషెల్స్ దీవుల నుంచి ఫెబా అనే క్రైస్తవ రేడియో 1970 నుంచి 2003 వరకు షార్ట్‌వేవ్‌లో ప్రసారాలు చేసింది, వాటిలో తెలుగు కూడా ఉండేది. సముద్రం మీదుగా వచ్చే ఆ మాట ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా, కెరటంలా వినిపించేది. గోడకు ఇవతల సుప్రభాతం, అవతల ఏసు పాట, వీధి చివర మసీదు పిలుపు. మన లైన్లలో గోడలు పలచన. ఎవరి ప్రార్థన వాళ్లది, కాని అందరి ప్రార్థనా అందరికీ వినబడేది. పక్కింటివాడి దేవుడి పాట కూనిరాగం తీసే మనిషి ఆ పక్కింటివాడి మీదికి కర్ర ఎత్తడం అంత తేలిక కాదు. మతం పేరు చెప్పి కార్మికుల్ని విడదీయాలని ఎవరొచ్చినా మీరు ఇది గుర్తు పెట్టుకోండి.

ఇక ప్రవచనం అంటే విజయవాడ కేంద్రం ఉషశ్రీ గారిది. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1928లో పుట్టి 1990లో పోయారు. డెబ్బైలలో ఆదివారం మధ్యాహ్నం ఆయన రామాయణ, భారతాలు చెబుతుంటే ఊళ్లలో హోటళ్ల ముందు జనం నిలబడి వినేవారు. ఆయన చెప్పింది పండితుల భాషలో కాదు. ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పినట్టు, మధ్యలో ఆపి, ఇలా ఎందుకు చేశాడయ్యా రాముడు అని శ్రోతనే అడిగినట్టు చెప్పేవారు. ‘ధర్మసందేహాలు’ కార్యక్రమానికి శ్రోతలు ఉత్తరాలు రాసేవారు, ఆయన జవాబు చెప్పేవారు. చెన్నైలో ఉన్న మనకు పగటిపూట విజయవాడ సరిగా అందేది కాదు. మీడియం వేవ్ పగలు నేల వెంబడి కొంత దూరమే పోతుంది, రాత్రయితే పైనున్న పొరకు తగిలి తిరిగి దూరాన పడుతుంది. అందుకే రాత్రిళ్లు విజయవాడ, హైదరాబాదు గరగరల మధ్య దొరికేవి. సెలవుకు ఊరు వెళ్లినప్పుడు ఉషశ్రీని విని వచ్చి, ఇక్కడ మగ్గం దగ్గర ఆ కథ మళ్లీ చెప్పేవారు.

మూడవది నాటకం. చిలకమర్తి వారి ‘గణపతి’, కాళ్లకూరి వారి ‘వరవిక్రయం’, గురజాడ ‘కన్యాశుల్కం’ - ఇవన్నీ రేడియోలో విన్నవాళ్లు ఇక్కడ ఉన్నారు. నండూరి సుబ్బారావు గారి గొంతు వింటేనే నవ్వు వచ్చేది. శారదా శ్రీనివాసన్ గారి గొంతులో దుఃఖం వింటే వంటింట్లో గరిటె ఆగిపోయేది. నాటకానికి తెర లేదు, దీపాలు లేవు, వేషం లేదు. కొబ్బరి చిప్పలు కొడితే గుర్రం, రేకు ఊపితే ఉరుము, కాగితం నలిపితే మంట. ఇంత చౌక కళ మరొకటి లేదు. వినేవాడే రంగస్థలం కట్టుకోవాలి.

ఇక్కడ అక్కచెల్లెళ్ల మాట చెప్పకపోతే తప్పు. ఆదివారం మగవాడికి సెలవు. ఆడమనిషికి అదే రోజు రెట్టింపు పని: తలంట్లు, వారం బట్టలు, కాస్త మంచి కూర. కాని నాటకం వినడానికి చేతులు ఖాళీగా ఉండనక్కర లేదు. బియ్యం ఏరుతూ ‘వరవిక్రయం’ విన్న అమ్మ, సాయంత్రం కూతురి సంబంధం మాట వచ్చినప్పుడు కట్నం గురించి ఒక మాట అనగలిగింది. ఆ మాటకు బలం నాటకం ఇచ్చింది.

ముల్లు తిప్పే హక్కు

రేడియో ఎప్పుడూ మంచే చేసిందని నేను చెప్పను. పైనున్నవాళ్లు ఎప్పుడూ శ్రోతను బడిపిల్లవాడిలా చూశారు.

ఇంగ్లండులో బి.బి.సి.ని మొదట నడిపిన జాన్ రీత్ మతనిష్ఠ గల మనిషి. ఆదివారం పవిత్రంగా ఉండాలని పట్టుబట్టాడు. ఉదయం చర్చి వేళ ప్రసారమే ఉండేది కాదు. తరువాత ప్రార్థన, మతోపన్యాసం, గంభీరమైన సంగీతం. వారమంతా గనిలో, మిల్లులో ఒళ్లు హూనం చేసుకున్న మనిషికి ఆ ఒక్క రోజు నవ్వుకోవడానికి ఒక పాట లేదు, ఒక హాస్యం లేదు. ఏమైంది? ముల్లు తిప్పాడు. 1933 నుంచి రేడియో లక్సెంబర్గ్ ఇంగ్లీషులో ఆదివారాలు హుషారైన పాటలు వేసింది. దేశంలోని శ్రోతలు లక్షలమంది అటు వెళ్లిపోయారు. చివరకు బి.బి.సి. మారవలసి వచ్చింది.

మన దేశంలోనూ అదే జరిగింది. 1952లో ప్రసారశాఖ మంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటలు జనాన్ని చెడగొడతాయని వాటిని రేడియోలోంచి తీయించాడు. జనం రేడియో సిలోన్ పెట్టుకున్నారు. తెలుగువాళ్లకు అక్కడ మీనాక్షి పొన్నుదురై గారి గొంతు దగ్గరయింది. అయిదేళ్లకు, 1957 అక్టోబరు 3న, ప్రభుత్వమే వివిధ భారతి ప్రారంభించి సినిమా పాటలు వేసింది.

దీని అర్థం ఏమిటి? కార్మికుడు భక్తి వద్దనలేదు, ప్రసంగం వద్దనలేదు. అన్నం, పప్పు, పచ్చడి, మజ్జిగ అన్నీ ఉన్న విస్తరి అడిగాడు. ఒక్క పప్పే రోజంతా వడ్డిస్తే లేచిపోయాడు. భక్తి, జ్ఞానం, కథ, నవ్వు కలిసి ఉన్నదే నిజమైన ఆదివారం.

వినడం సరే, చెప్పడమో?

ఇంకొక లోటు చెప్పాలి. మనం విన్నాం గాని, మన మాట ఎంత వినిపించారు? హైదరాబాదు కేంద్రంలో కార్మికుల కార్యక్రమం వచ్చేది. చిన్నక్క, ఏకాంబరం మాటలు ఇంటిల్లిపాదీ వినేవారు. బాగుండేది. కాని సమ్మె జరిగితే సమ్మె చేసినవాడి గొంతు అందులో వచ్చేది కాదు. రేడియో ప్రభుత్వానిది. మంచి అలవాట్లు, పొదుపు, ప్రమాదాల నివారణ వరకు మనకు చెప్పేవారు. జీతం సంగతి మన చేత చెప్పించేవారు కాదు.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వానికి గుత్తసొత్తు కాదని చెప్పింది. ఆ తీర్పు చెప్పినవారిలో మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి గారు ఒకరు. ఆ తరువాత ఎఫ్.ఎం. కంపెనీలు వచ్చాయి. 2004లో మన అన్నా విశ్వవిద్యాలయంలో దేశంలోనే మొదటి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో వచ్చింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ అనుమతి ఇచ్చారు. 2008లో మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంగం రేడియో మొదలైంది. నడిపింది దళిత స్త్రీలు, చేలో పనిచేసే చేతులు. విత్తనాల గురించి, పాటల గురించి, తమ బతుకు గురించి తమ యాసలోనే మాట్లాడారు. గిడుగు వారు విని ఉంటే సంతోషించేవారు.

అయితే 2006 నిబంధనల్లో ఒక కొర్రి ఉంది. రాజకీయ పార్టీలకు అనుబంధంగా ఉన్న కార్మిక సంఘాలకు స్టేషను ఇవ్వరు. సొంతంగా వార్తలు చెప్పడానికి కూడా వీల్లేదు. తరంగాలు ప్రజల ఆస్తి అన్నప్పుడు ఆ ప్రజల్లో కార్మికులు లేరా? ఈ ప్రశ్న మన మహాసభల తీర్మానాల్లో ఉండాలి.

ముక్కలైన ఆదివారం

ఇప్పుడు అసలు సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో సెలవు రోజు ఏదో స్పష్టంగా రాశారు. వారంలో మొదటి రోజు, అంటే ఆదివారం. కాని అందులోనే ఒక వెసులుబాటు కూడా ఉంచారు. ఆదివారం పని చేయించుకుంటే దానికి ముందో వెనుకో మూడు రోజుల్లోపు మరొక రోజు సెలవు ఇవ్వడానికి ఆ చట్టంలో వీలుండేది. యంత్రం ఆగకూడదని యాజమాన్యాలు ఆ వెసులుబాటునే మామూలు చేసుకున్నాయి. ఒకడికి మంగళవారం, ఒకడికి గురువారం. లెక్క ప్రకారం అందరికీ సెలవు ఉన్నట్టే. కాని అన్నకు సెలవు రోజున తమ్ముడు డ్యూటీలో ఉంటాడు. భర్త ఇంట్లో ఉన్న రోజు భార్య కుట్టు మిషను దగ్గర ఉంటుంది. పిల్లలకు మాత్రం ఆదివారమే సెలవు. సంఘం మీటింగు పెడితే సగం మంది రాలేరు.

దీనికి సెల్‌ఫోను తోడైంది. సెల్‌ఫోను చెడ్డదని నేననను. ఉషశ్రీ ప్రవచనాలు, పాత నాటకాలు అందులో దొరుకుతున్నాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినవచ్చు. కాని ఎప్పుడు కావాలంటే అప్పుడు అంటే, ఎవరికి వారే అని అర్థం. చెవుల్లో తీగలు పెట్టుకుని నలుగురు నాలుగు వింటారు. విన్నది ఎవరికీ చెప్పరు, ఎవరితోనూ వాదించరు. పైగా మనకు ఏది నచ్చుతుందో చూసి ఆ ఫోను అదే వడ్డిస్తుంది. పక్కింటివాడి పాట మన చెవిన పడే అవకాశమే లేదు.

ఆదివారం విలువ పైవాళ్లకు బాగా తెలుసు. దేశ ప్రధానమంత్రి నెల నెలా రేడియోలో మాట్లాడటానికి 2014 నుంచి ఎంచుకున్నది ఎక్కువగా నెలలో చివరి ఆదివారం ఉదయమే. జనం ఇంట్లో ఉంటారని, కలిసి వింటారని తెలిసే కదా. మనకు మాత్రం ఆ రోజు విలువ తెలియకపోతే ఎలా?

ఏం చేద్దాం

చేతనైన పనులు నాలుగు చెబుతాను.

మొదటిది, రాబోయే ఒప్పందపు డిమాండ్లలో ఒక మాట చేరుద్దాం. ప్రతి కార్మికునికి నెలలో కనీసం రెండు సెలవులు ఆదివారమే రావాలి. భార్యాభర్తలు ఒకే మిల్లులో ఉంటే ఇద్దరికీ ఒకే రోజు రావాలి. దీనికి యజమానికి పైసా ఖర్చు లేదు, షిఫ్టు పట్టీ రాసేవాడికి కాస్త శ్రమ, అంతే.

రెండవది, నెలకు ఒక ఆదివారం ఈ కార్యాలయంలో రెండు గంటలు కలిసి విందాం. ఒక పాత రేడియో నాటకం లౌడుస్పీకరులో పెడదాం. విన్న తరువాత అరగంట మాట్లాడుకుందాం. నాటకం చెప్పిన మాట ఈనాటికి నిలుస్తుందా లేదా, వాదించుకుందాం.

మూడవది, మన నాటకం మనమే చదువుదాం. వేషాలు అక్కర్లేదు, కాగితం పట్టుకుని గొంతుతో చదివితే చాలు. రిటైరైన వాళ్ల జ్ఞాపకాలు, 1996లో బి అండ్ సి మూతపడ్డప్పుడు ఇళ్లలో జరిగింది, ఇవన్నీ నాటకాలే. ఫోనులో రికార్డు చేసి దాచుదాం. ఆ గొంతులు ఎంతోకాలం మనకు ఉండవు.

నాలుగవది, అన్ని మతాల పండుగ పాటలకూ ఇక్కడ చోటు ఉండాలి. క్రిస్మస్‌కు, రంజాన్‌కు, శ్రీరామనవమికి పాడేవాళ్లు మనలో ఉన్నారు. ఒకరి పాట ఒకరు వినే అలవాటు పోకూడదు.

సోదరులారా, 1918లో పెరంబూరులో ప్రవచనం వినడానికి వచ్చినవారి దగ్గర డబ్బు లేదు, చదువు లేదు, చట్టం అండ లేదు. ఒకచోట కూర్చునే వీలు మాత్రం ఉంది. దానితోనే పది నిమిషాల విరామం సాధించారు. మన దగ్గర అన్నీ ఉన్నాయి, ఒకచోట కూర్చునే రోజు ఒక్కటే కరువైంది. దానిని తిరిగి అడుగుదాం. వచ్చే నెల రెండవ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు నాటకం వినడానికి రండి. పిల్లల్ని, ఇంట్లో పెద్దవాళ్లను కూడా తీసుకురండి. పాత క్యాసెట్లు ఎవరి దగ్గరైనా ఉంటే పట్టుకురండి.